కనిపెట్టుటయా, కాలయాపనయా?

ధ్యానభాగములు: యోహాను 9:1–7, మార్కు 9:14–29, 2 సమూయేలు 9వ అధ్యాయము



"కనిపెట్టుట" అను మాట మన పల్లె సంఘములలో ఎంత వాడుకగా ఉన్నదో మీరెరుగుదురు. వాన రాకపోయిన ప్రభువు కొరకు కనిపెట్టుడని చెప్పుదుము. కుమార్తెకు సంబంధము కుదరకపోయిన కనిపెట్టుడని చెప్పుదుము. అది మంచి మాటే. కీర్తనల గ్రంథమంతట అది కనబడును. అయితే ఒకచోట మాత్రము దానిని మనము బహు జాగ్రత్తగా వాడవలసియున్నది. రెండేండ్ల బిడ్డ నడువకున్నప్పుడు, మూడేండ్ల బిడ్డ "అమ్మా" అని పిలువకున్నప్పుడు, ఆ తల్లి ఆరాధన ముగిసిన తరువాత చంకలో బిడ్డతో వచ్చి నిలువబడును. మనము ఆమె తలమీద చెయ్యి ఉంచి ప్రార్థించి, "కనిపెట్టుకో అమ్మా" అని పంపివేయుదుము. ఇంటికి పోయిన అత్తగారు, "వాళ్ల తాతకు కూడా ఐదేండ్ల దాకా మాటలు రాలేదు, కంగారు దేనికి?" అనును. పొరుగింటి పెద్దమ్మ వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుమనును. ఈ మూడును ప్రేమతో పలికిన మాటలే. మూడింటి ఫలము ఒక్కటే: ఆరు నెలలు గడిచిపోవును.

ప్రభువు కొరకు కనిపెట్టుట ఒకటి, చేయదగిన పని మాని కాలము గడుపుట మరియొకటి. ఎదుగుదల ఆలస్యమైన బిడ్డ విషయములో ఈ రెంటిని ఎట్లు వేరుపరచగలము? ఈ నెల మన ముందున్న ప్రశ్న ఇదే.

పిల్లలందరు ఒకే దినమున నడువరు. పది నెలలకే అడుగులు వేయువారున్నారు, పదునాలుగు నెలలకు వేయువారున్నారు. అందులో దోషము లేదు. అయితే ప్రతిదానికి ఒక గడువు కలదు. రెండు నెలలు నిండునప్పటికి బిడ్డ తల్లి ముఖము చూచి నవ్వవలెను. నాలుగు నెలలకు మెడ నిలుపవలెను. తొమ్మిది నెలలకు ఆనుడు లేకుండ కూర్చుండవలెను. ఏడాదికి, పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడవలెను. ఏడాదిన్నరకు నడువవలెను, కావలసిన దానిని వ్రేలితో చూపవలెను, అత్త, తాత వంటి మాటలు కొన్నియైనను పలుకవలెను. రెండేండ్లకు "పాలు కావాలి", "నాన్న రా" అని రెండు మాటలు కూర్చవలెను. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకు ఆ తక్కువైన వారములను లెక్కలో తీసివేసి చూడవచ్చును. అట్లు చూచినను గడువు దాటినయెడల తాతగారి కథ చెప్పుకొనక బిడ్డను వైద్యునికి చూపవలెను. వచ్చిన మాట పోయినను, నేర్చిన పని మరచినను, అది ఏ వయస్సైనను, ఒక్క వారమైనను ఆగరాదు.

ఇంత తొందర ఎందుకనగా, మొదటి రెండు మూడు సంవత్సరములలో మెదడు పెరుగునంత వేగముగా మరి ఎన్నడును పెరుగదు. రెండేండ్లు నిండునప్పటికే అది పెద్దవారి మెదడు పరిమాణములో నూటికి ఎనుబది వంతులకు దాపుగా వచ్చును. మెదడులోని దారులు పొలము గట్టుమీది కాలిబాటలవంటివి. దినదినము నడచిన బాట గట్టిపడును. నడువని బాటను గడ్డి కప్పును. పెద్దయిన తరువాత నేర్వలేరని కాదు. నేర్తురు, కాని రెట్టింపు కష్టముతో.

కొన్ని సంగతులలో ఈ గడువు మరీ కఠినమైనది. పుట్టుకతోనే థైరాయిడు గ్రంథి సరిగా పనిచేయని శిశువునకు మొదటి రెండు వారములలో మాత్ర మొదలుపెట్టినయెడల, ఆ బిడ్డ సాధారణముగా తోటి పిల్లలతో సమానముగా ఎదుగును. ఆ మాత్ర ఖరీదు స్వల్పమే. నెలలు గడిచిన తరువాత అదే మాత్ర వేసినను, మెదడునకు కలిగిన నష్టము పూర్తిగా తీరదు. మాటలు రాని బిడ్డ సంగతియు అట్టిదే. మొదట చెవి పరీక్ష చేయింపవలెను. "పళ్లెం మోగిస్తే తిరిగి చూశాడు, వినబడకేం" అని ఇంటివారు తృప్తిపడుదురు. పళ్లెపు మ్రోత వేరు, మనుష్యుని మాటలోని సన్నని ధ్వనులు వేరు. మ్రోత వినబడి మాట వినబడని పిల్లలు ఎందరో కలరు.

ఇక మన సంఘములలో అందరికంటె ముందు పుట్టు ప్రశ్న: ఇది ఎవరి పాపము? యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయములో శిష్యులు అడిగినదియు ఇదే. ఒక సంగతి గమనించుడి. ఆ పుట్టుగ్రుడ్డివాడు అక్కడనే ఉన్నాడు. అతనికి కన్నులు లేవు గాని చెవులున్నవి. అతడు వినుచుండగానే వారు అతనిని ఒక చర్చావిషయముగా చేసికొనిరి. మన యిండ్లలోను అంతే. తల్లి వంటయింటిలో ఉండగా వాకిట కూర్చున్నవారు ఆమె కడుపును గురించి, ఆమె పుట్టింటివారిని గురించి తీర్పు తీర్చుచుందురు. ప్రభువు ఆ ప్రశ్నను అంగీకరింపలేదు. వాని పాపము కాదు, కన్నవారి పాపమును కాదనెను. ఆ వెంటనే ఆయన పనిని గురించియు పగటివేళను గురించియు మాటలాడెను: వెలుతురు ఉండగా చేయవలసిన పని యున్నది, చీకటి పడిన తరువాత ఎవరును చేయలేరు. ఈ రెండు మాటలు ఒకదాని ప్రక్కన ఒకటి ఉండుటను మనము అంతగా తలంపము. ఎవరి తప్పు అని విచారించుచు కూర్చున్నంతసేపు ప్రొద్దు వాలుచునే యుండును.

నిజమునకు కారణములు అనేకములు. నెలలు నిండకుండ పుట్టుట, కాన్పువేళ బిడ్డకు గాలి అందకపోవుట, పుట్టిన దినములలో పచ్చకామెర్లు ముదిరి మెదడునకు తగులుట, మెదడువాపు జ్వరము, అయోడిను లోపము ఇట్టివి కొన్ని. ఎంత వెదకినను కారణము తేలని పిల్లలును చాలమంది యున్నారు. డౌన్ సిండ్రోమ్ అను స్థితిని జాన్ లాంగ్డన్ డౌన్ అను ఇంగ్లీషు వైద్యుడు 1866లో వర్ణించెను. దానికి కారణము 1959లో గాని తెలియలేదు. ఫ్రాన్సు దేశములో జెరోమ్ లెజూన్, ఆయన తోడి పరిశోధకులు, ఆ పిల్లల కణములలో 46కు బదులుగా 47 క్రోమోజోములు ఉండుట కనుగొనిరి. ఆ తొంబదిమూడు సంవత్సరములలో ఎందరు తల్లులు తమ్మును తాము నిందించుకొనిరో! మేనమామకు, మేనబావకు పిల్లనిచ్చు మన అలవాటు వలన కొన్ని వంశపారంపర్య వ్యాధులు హెచ్చుగా వచ్చుననుట వాస్తవమే. అది పెండ్లి మాటలకు ముందు ఆలోచింపదగినది. బిడ్డ పుట్టిన తరువాత కోడలిమీద విసరదగిన రాయి కాదు.

పగటివేళ మాట ఎంత నిజమో చూపు సంగతి ఒకటి అమెరికా దేశమున జరిగినది. 1930ల కాలమున అయోవా రాష్ట్రములో డావెన్‌పోర్ట్ అను ఊర ప్రభుత్వపు అనాథాశ్రమముండెను. పిల్లలు కిక్కిరిసి యుండిరి, దాదులు కొద్దిమంది. శిశువులకు వేళకు పాలు పట్టుట, బట్ట మార్చుట తప్ప, ఎత్తుకొని మాటలాడు తీరిక ఎవరికిని లేదు. అక్కడ ఇద్దరు చిన్నపిల్లలు ఎదుగు బొదుగు లేక, ఎప్పుడును ఏడ్చుచు ఊగుచుండిరి. ఏడాదిన్నర ప్రాయము, బుద్ధి మాంద్యులని తేల్చిరి. ఉంచుటకు వేరొక స్థలము లేక, వారిని బుద్ధి మాంద్యముగల స్త్రీలు నివసించు మరియొక ప్రభుత్వ గృహమునకు పంపివేసిరి. కొన్ని నెలల తరువాత హెరాల్డ్ స్కీల్స్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఆ గృహమునకు పోయి చూడగా, ఆడుచు నవ్వుచు పరుగెత్తుచున్న ఇద్దరు పిల్లలు కనబడిరి. ఆ పిల్లలే వీరని ఆయన మొదట నమ్మలేకపోయెను.

ఏమి జరిగినది? మందు ఏమియు వేయలేదు. లోకము పనికిరానివారని లోపల పెట్టి తలుపు వేసిన ఆ స్త్రీలు ఈ బిడ్డలను తమవారిగా చేసికొనిరి. ఎత్తుకొనిరి, ఆడించిరి, మాటలాడిరి. అక్కడి ఉద్యోగినులు వారిని బయటికి త్రిప్పిరి, బొమ్మలు తెచ్చియిచ్చిరి. ఇది చూచి స్కీల్స్, ఆయన సహచరుడు హెరాల్డ్ డై మరికొందరిని పంపిరి. మూడేండ్లలోపు పిల్లలు మొత్తము 13 మంది అట్లు పెరిగిరి. వారితో పోల్చి చూచుటకు, అనాథాశ్రమములోనే ఉండిపోయిన 12 మంది లెక్కను కూడ తీసిరి. మొదటి గుంపువారి తెలివి కొలత పెరిగెను, రెండవ గుంపువారిది తరిగెను. 1939లో ఈ సంగతి ప్రకటింపగా నాటి పండితులలో అనేకులు ఎగతాళి చేసిరి. తెలివి పుట్టుకతో వచ్చునదేగాని పెంపకముతో మారునది కాదని వారి వాదము. పిల్లలు పెద్దవారైన తరువాత స్కీల్స్ వారిని ఒక్కొక్కరిగా వెదకి కనుగొని 1966లో మరల వ్రాసెను. ఆ 13 మందియు తమ కాళ్లమీద తాము నిలిచి బ్రదుకుచుండిరి. వారిలో 11 మందికి వివాహమైనది. ఆ 12 మందిలో ఒకరు యౌవనముననే సంస్థలో మరణించిరి, నలుగురు ఇంకను సంస్థలలోనే ఉండిరి.

ఆ పన్నెండుగురి సంగతి నన్ను విడువక వెంటాడుచున్నది. వారిని ఎవరును కొట్టలేదు. ఎవరును పస్తు పెట్టలేదు. వారికి కీడు చేయవలెనని ఎవరును తలంపలేదు. అన్నము పెట్టిరి, బట్ట కట్టిరి, అంతే. దోషి యొక్కడైనను లేకుండ అంత నష్టము జరిగిపోయెను. కాలయాపనలోని భయంకరత్వము ఇదియే: అది పాపమువలె కనబడదు. ఆ పిల్లలకు కలిగిన కొరత ముఖ్యముగా ఆదరణ కొరత; మెదడునకే దెబ్బ తగిలిన బిడ్డకును, క్రోమోజోము తేడాతో పుట్టిన బిడ్డకును, ఆడించినంత మాత్రమున అంత మార్పు వచ్చునని చెప్పుట అబద్ధమగును. అయినను అట్టి బిడ్డలు కూడ తగిన సాధనతో, చేయగలిగినదానిలో మరికొంత చేయ నేర్తురు. ఎంత నేర్తురో ముందుగా చెప్పగలవారు లేరు.

"అయ్యా, ఆసుపత్రికి పోవుట విశ్వాసము చాలకనే గదా?" అని అడుగువారున్నారు. మార్కు సువార్త తొమ్మిదవ అధ్యాయము చదువుడి. ఒక తండ్రి చిన్ననాటినుండి బాధపడుచున్న కుమారుని తెచ్చెను. ప్రభువు వచ్చునప్పటికి శిష్యులు శాస్త్రులతో వాదములో మునిగియుండిరి. పిల్లవాని బాధ మాత్రము తీరలేదు. ప్రభువు ఏమి చేసెను? ఆ తండ్రిని ఒక ప్రశ్న అడిగెను: ఇది ఎంతకాలమునుండి? నేడు ఏ పిల్లల వైద్యుడైనను మొదట అడుగు ప్రశ్న ఇదియే. సమస్తము ఎరిగినవాడు ఆ ప్రశ్న ఎందుకడుగవలెను? నాకు తోచినంతవరకు, ఆ తండ్రి ఏండ్ల తరబడి చూచినదానిని వినదగినదిగా ఆయన ఎంచెను. బిడ్డను నిత్యము చూచుచున్న తల్లి "ఏదో తేడాగా ఉంది" అన్నప్పుడు ఆమెను కసరి కూర్చుండబెట్టుట విశ్వాసము కాదు.

2019 డిసెంబరు 26న సూర్యగ్రహణమునాడు, మన పొరుగుననున్న కర్ణాటకలో కలబురగి ప్రాంతమున, అంగవైకల్యముగల పిల్లలను బాగుపడుదురను ఆశతో మెడవరకు మట్టిలో పాతిపెట్టిరని పత్రికలు వ్రాసెను. చదివి మనము తల ఊపుదుము. ఆ తల్లిదండ్రులను నేను పరిహసింపను. ఆశ అడుగంటినవారు ఏ మాటకైనను లోబడుదురు. అయితే బిడ్డను భుజాన వేసికొని, ఒక స్వస్థత కూడికనుండి మరియొక స్వస్థత కూడికకు రెండేండ్లు తిరిగి, ఒక్కనాడైనను చెవి పరీక్ష చేయింపనివారు మనలో లేరా? ఆ పిల్లల ప్రొద్దును వాలిపోయినది. మెదడు పెంచునని అమ్ము టానిక్కు సీసాల సంగతియు అంతే.

చికిత్స అనగానే సూదియో మాత్రయో అని మన తలంపు. ఈ బిడ్డల చికిత్సలో చాలభాగము నట్టింటిలో చాపమీద జరుగును. మెడ నిలువని శిశువును మెలకువగా ఉన్నప్పుడు, చూచుచు ప్రక్కనే ఉండి, బోర్ల పరుండబెట్టి, రొమ్ము క్రింద చుట్టిన తువాలు ఉంచి, ఎదుట గిలక్కాయ ఆడించుదురు. కూర్చుండలేని బిడ్డను గోడ మూలకు చేర్చి ఆసరాతో కూర్చుండబెట్టుదురు. స్నానము చేయించునప్పుడు "ఇది చెయ్యి, ఇది కాలు, నీళ్లు చల్లగా ఉన్నాయా" అని మాటలాడుచుండవలెను. ఫోను చేతికిచ్చి కూర్చుండబెట్టుట సులభమే గాని, ఫోను మాటలాడునే తప్ప బిడ్డ మాటకు కాచుకొనదు. చెంచా పట్టుకొనుట, ప్యాంటు పైకి లాగుకొనుట వంటి పనులను చిన్న చిన్న మెట్లుగా విడదీసి, ఒక్కొక్క మెట్టు నేర్పుదురు.

మాట నేర్పువారు తల్లులకు చెప్పు ఉపాయము ఒకటి నాకు బహు నచ్చినది. రెండు చేతులలో రెండు వస్తువులు పట్టుకొని "పాలా, అరటిపండా?" అని అడిగి, బిడ్డ కన్నులవైపు చూచుచు, లోలోపల పది లెక్కించునంతసేపు ఊరకుండవలెను. ఆ బిడ్డకు మాట విని, గ్రహించి, బదులు చూపుటకు మనకంటె హెచ్చు సమయము పట్టును. మనము తొందరపడి నోట పెట్టివేసినయెడల ఆ బదులు లోపలనే ఉండిపోవును. ఇది కనిపెట్టుట. చేయవలసినది చేసి, అడుగవలసినది అడిగి, చేతులు చాపియుంచి, కన్ను త్రిప్పక కాచుకొనుట. హోషేయ గ్రంథము పదునొకండవ అధ్యాయములో దేవుడు తన ప్రజలకు చేసిన ఉపకారమును చెప్పుచు, చంటిబిడ్డను చేతులు పట్టి నడువ నేర్పువానితో తన్ను పోల్చుకొనెను. రథములతోను సైన్యములతోను పోల్చుకొనదగినవాడు, వంగి నడుము నొప్పి పుట్టు ఈ పనితో పోల్చుకొనెను.

ఈ సాధన నేర్పువారు ఎక్కడ దొరకుదురు? 2013 ఫిబ్రవరిలో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు ఏటా రెండుమారులు అంగన్‌వాడికి వచ్చి పిల్లలను చూడవలెను. ఆలస్యము కనబడిన బిడ్డలను జిల్లా కేంద్రమున డి.ఇ.ఐ.సి. అను చోటికి పంపుదురు. అక్కడ పిల్లల వైద్యులు, చెవి పరీక్ష చేయువారు, కాళ్లు చేతులకు వ్యాయామము నేర్పువారు, మాట నేర్పువారు ఉండవలసిన ఏర్పాటు, సొమ్ము చెల్లింపనక్కరలేదు. అన్నిచోట్ల అందరు ఉందురని చెప్పలేను గాని, అడుగు హక్కు మనకు కలదు. సికింద్రాబాదు బోయినపల్లిలో 1984లో స్థాపింపబడి, నేడు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. అని పిలువబడు జాతీయ సంస్థ, బుద్ధి వికాసము తగ్గిన పిల్లల పరీక్షకును శిక్షణకును మన రెండు తెలుగు రాష్ట్రములవారికి దగ్గరనే ఉన్నది. దారి తెలియనివారు ఆశా కార్యకర్తనైనను, అంగన్‌వాడి టీచరునైనను అడుగవచ్చును.

సాక్ష్యముల సంగతి కూడ ఒక మాట చెప్పవలెను. లేచి గంతులు వేసిన కుంటివాని సాక్ష్యము మనకు ప్రీతి. ఏడాది పాటు శ్రమపడగా మూడు మాటలు వచ్చిన బిడ్డ తల్లి ఆ వరుసలో నిలువబడుటకు సిగ్గుపడుచున్నది. బేత్సయిదాలో ప్రభువు ఒక గ్రుడ్డివానిని రెండు విడతలుగా బాగుచేసెను. మొదటి విడతలో వానికి మనుష్యులు చెట్లవలె కనబడిరి. ఆ అరకొర చూపును కూడ మార్కు దాచక వ్రాసెను. "ఈ నెల మావాడు చెంచా పట్టాడు" అని ఒక తల్లి ఆదివారము చెప్పగలిగిన సంఘము నాకు చూపుడి.

బాగుపడని బిడ్డ మాటేమి? కొందరు, "దేవుడే అట్లా పుట్టించాడు, వాణ్ని ఎందుకు కష్టపెట్టడం" అందురు. ఇది ప్రేమవలె వినబడును గాని, చేయి పట్టి నేర్పవలసిన కష్టమును తప్పించుకొనుటయు దీనిలో ఉన్నది. మరికొందరు, బిడ్డ తోటివారివలె అగువరకు ఇంటివారి కంటికి ఆననట్లు ప్రవర్తింతురు. రెండును తప్పే. మెఫీబోషెతు ఐదేండ్లవాడై యున్నప్పుడు దాది వానిని ఎత్తుకొని పారిపోవు తొందరలో పడద్రోయగా కుంటివాడాయెను. ఆ దాదిని నిందించు మాట యొకటియు గ్రంథములో లేదు. దావీదు వానిని పిలిపించి, తాత భూమిని తిరిగి యిచ్చి, దానిని సేద్యము చేయు మనుష్యులను ఏర్పరచి, తన బల్లయొద్ద నిత్యము భోజనమునకు కూర్చుండబెట్టెను. ఆ అధ్యాయమంతయు అయిన తరువాత చివర మిగిలినది వాని రెండు కాళ్లు కుంటివనుటయే. కాళ్లు బాగుపడలేదు, బల్లయొద్ద చోటును పోలేదు.

బల్ల అనగానే భూమి, కూలివాండ్రు, భోజనము అన్నియు ఏర్పాటు చేసిరని గమనించితిరా? మన సంఘములోని ఆ తల్లికి డి.ఇ.ఐ.సి.కి పోయిన దినము కూలి పోవును. బస్సు ఛార్జీలు, దారిలో తిండి, ఇంటియొద్ద మిగిలిన పిల్లలు, సాయంకాలము అత్తగారి మాటలు. మొదటిసారి పట్టుదలతో పోవును, రెండవసారి అప్పు చేసి పోవును, మూడవసారి మానివేయును. చికిత్స ఆగిపోవుట తరచుగా ఈ మూడవసారి దగ్గరనే. జమైకా దేశపు కింగ్‌స్టన్ నగరమున, 1980లలో, పోషణ చాలక ఎదుగుదల తగ్గిన పసిపిల్లల యిండ్లకు ఆరోగ్య సహాయకురాండ్రు వారమున కొక్క గంట, రెండేండ్లపాటు పోయి, ఇంటిలో చేసిన బొమ్మలతో ఎట్లు ఆడింపవలెనో తల్లులకు చూపిరి. ఇరువదేండ్ల తరువాత లెక్కించగా, అట్లు చూడబడినవారి సంపాదన చూడబడనివారికంటె నూటికి 25 వంతులు హెచ్చుగా ఉండెనని 2014లో ప్రకటించిరి. వారమున కొక్క గంట మన స్త్రీల సమాజమునకు భారమా?

సండే స్కూలులో ఆ బిడ్డకు ఒక చాప, ప్రక్కన కూర్చుండుటకు ఒక పెద్ద పిల్ల కావలెను. పాట పాడలేకపోయిన చప్పట్లు కొట్టనియ్యుడి. కానుకలలోనుండి నెలకు రెండు ప్రయాణముల ఖర్చు తీసియుంచుట పెద్దల కమిటీకి కష్టము కాదు. తండ్రులు కూడ పోవలెను. బిడ్డను పట్టుకొని వ్యాయామము నేర్చుకొనుట ఆడువారి పనియని ఏ వాక్యమందును లేదు. ఇక జిల్లా కేంద్రమునకు పోవు బస్సు అనేక గ్రామములలో తెల్లవారుజామునే కదలును గనుక, ఈసారి ఆమెతో కూడ ఎవరు పోవుదురో, ఇంటియొద్ద పిల్లలకు ఎవరు అన్నము పెట్టుదురో, ముందటి ఆదివారము ఆరాధన ముగియగానే, ఆమె ఇంకను గుమ్మము దాటకముందే అడిగి వ్రాసికొనుడి.